లిస్టు వచ్చేదాకా

నమస్కారమండి అందరికీ. జూన్, జూలై నెలలొచ్చాయంటే ఒడిశాలో మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ప్లస్ త్రీ, అదే డిగ్రీ, అయిపోయిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే గొడవ. పెద్ద యూనివర్సిటీకి అప్లై చేశారు, పరీక్ష రాశారు, స్కోరూ వచ్చేసింది, ఇంక లిస్టు రావాలి. అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఆ రోజుల గురించి మాట్లాడదామని వచ్చాను.

మా ఇంట్లోనే ఉందండి అలాంటి పిల్ల, మా అన్నయ్య కూతురు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కోసం సీయూఈటీ పీజీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ సీట్లకి పెట్టే ఉమ్మడి పరీక్ష, రాసింది, 75 ప్రశ్నలు, కరెక్ట్ అయితే 4 మార్కులు, తప్పు పెడితే ఒకటి పోతుంది. మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి మా వదినా తనూ అప్పడాలు ఒత్తుతున్నారు. మన బరంపురం అప్పడాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, వానల్లో కూడా కాస్త ఎండ కనిపిస్తే చాలు ఆడవాళ్ళు పీటలు తీసేస్తారు. ఇంగువ వాసన వీధి దాకా వస్తోంది. పిల్ల చేతులనిండా నూనె, మినప్పిండి. ఫోను పక్కన స్టూలు మీద పెట్టుకుంది. కాసేపు చూశాక అర్థమయింది నాకు, కుడిచేతి చిటికెన వేలొక్కటీ నూనె అంటకుండా పైకి ఎత్తి పెట్టుకునే ఒత్తుతోంది. నాలుగు అప్పడాలయ్యాక ఆ చిటికెన వేలితో స్క్రీన్ మీద కిందకి లాగి వదులుతుంది, పేజీ గుండ్రంగా తిరిగి మళ్ళీ అదే మాట చూపిస్తుంది, అండర్ ప్రాసెస్. మళ్ళీ నాలుగు అప్పడాలు, మళ్ళీ చిటికెన వేలు. మా వదిన అంతా చూస్తూనే ఉంది, ఒక్క మాట అనలేదు, ఉండలు చేసి ఇస్తూనే ఉంది. ఆవిడకి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నానండి నిజంగా.

ఎందుకంటే గుమ్మం దాటితే అందరూ అడిగేవాళ్ళే. పాలకి వెళ్తే "ఏటమ్మా, సీటొచ్చిందా?" అని మనవాళ్ళు, కిరాణా కొట్టు దగ్గర "సీట్ మిళిలా కి?" అని ఒడియా పక్కింటావిడ, గుళ్ళో పూజారి గారు, ట్యూషన్ సార్. అందరూ ప్రేమతోనే అడుగుతారు, అందులో నాకేం అనుమానం లేదు, కానీ ఆ పిల్ల రోజుకి పన్నెండుసార్లు "ఇంకా లేదండీ" అనాలి, పన్నెండోసారి అనేసరికి అది సీటు ఇంకా రాలేదన్నట్టు ఉండదు, ఇంక రాదన్నట్టు ఉంటుంది ఆ పిల్ల చెవికే. ఇప్పుడు పాలకి వెళ్ళడం మానేసింది, మా అన్నయ్యే వెళ్తున్నాడు.

అసలు లిస్టు ఎందుకంత లేటు అవుతుందో ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరూ చెప్పరు. పరీక్ష పెట్టేది ఒకరు, సీట్లిచ్చేది ఇంకొకరు. స్కోరు వచ్చాక ప్రతి యూనివర్సిటీకీ మళ్ళీ విడిగా వాళ్ళ పోర్టల్లో అప్లై చెయ్యాలి, వాళ్ళు జనరల్ ఒకటి, ఓబీసీ 27 శాతం, ఎస్సీ 15, ఎస్టీ ఏడున్నర, ఈడబ్ల్యూఎస్ 10 అని వేరే వేరే లిస్టులు కట్టాలి. ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే, మంచి స్కోరొచ్చిన పిల్ల ఒక్కచోటే పెట్టదు కదా, హైదరాబాద్, ఢిల్లీ, పాండిచ్చేరి, కాశీ అన్నిచోట్లా పెడుతుంది, అన్నిచోట్లా మొదటి లిస్టులో ఆ పిల్ల పేరే ఉంటుంది. లెక్క కోసం 40 సీట్లు అనుకోండి, మొదటి లిస్టులో 40 మంది పేర్లొస్తాయి, గడువులోపు ఫీజు కట్టేది పాతికమందే కావచ్చు, మిగతా 15 సీట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి జరుగుతాయి, మళ్ళీ వాళ్ళలో కొందరు కట్టరు, మళ్ళీ జరుగుతాయి. రైల్వే వెయిటింగ్ లిస్టు లాంటిదే అనుకోండి, చార్టు వేసేదాకా ఏదీ ఖాయం కాదు. అందుకని మొదటి లిస్టులో పేరు లేకపోతే ఏడుపులు పెట్టక్కర్లేదు. నేను చదువుకున్నప్పుడు నాకు ఇదే హైదరాబాద్ యూనివర్సిటీలో సీటొచ్చింది మూడో లిస్టులో, అప్పటికి మా నాన్న మా ఊళ్ళో కాలేజీకి ఫీజు కూడా కట్టేశారు.

ఆ ఫీజు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ మన దగ్గర పీజీ సీట్లకి ముందే ఫీజు కట్టమంటారు, అక్కడ లిస్టు ఇంకా రాదు, కట్టకపోతే చేతిలో ఉన్నది పోతుంది, కడితే ఆ డబ్బు పోతుందేమో అని రాత్రంతా మొగుడూ పెళ్ళాం లెక్కలేసుకుంటారు. మా ఇంట్లో అలాగే వేసుకున్నారు, గోడవతల పడుకుని నేను విన్నాను. నాకు అక్కడ సీటొచ్చాక, ఇక్కడ కట్టిన కాలేజీ వాళ్ళు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి తొమ్మిది రోజులు తిప్పారు, ఈ రోజు సార్ లేరు, రేపు రండి అని. ఇప్పుడు పిల్లలకి ఆ బాధ ఉండక్కర్లేదు. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చెయ్యాలి, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు అని యూనివర్సిటీలన్నిటి మీదా ఉండే యూజీసీ 2018లోనే గట్టిగా చెప్పింది, ఫలానా తేదీలోపు సీటు వదులుకుంటే ఫీజు వాపసివ్వాలని కూడా చెప్పింది. ఆ తేదీ ఏ ఏడాదికా ఏడాది చూసుకోండి, నోటీసు ప్రింటు తీసి చేతిలో పట్టుకుని వెళ్ళండి.

మన బోర్డర్ పిల్లలకి ఇంకో బరువు కూడా ఉందండి, అది మార్కుల్ది కాదు, కాగితాలది. మన బరంపురంలోనే 1894లో పుట్టిన వి.వి.గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు, ఆనాటికి ఈ గంజాం అంతా మద్రాసు కిందే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, మనవాళ్ళు ఇల్లు మారలేదు, వీధి మారలేదు, ఆఫీసు మారింది. అప్పట్నుంచీ మన పేర్లు రెండు రకాలుగా రాస్తున్నారు. ఇంటిపేరు ముందు పెట్టడం మన అలవాటు, ఇక్కడి రికార్డుల్లో అది చివరికి పోతుంది, లేదా పొట్టి అక్షరం అయిపోతుంది, ఒక్కోసారి అసలు ఇంటిపేరే పోయి రావు ఒక్కటే మిగులుతుంది, వీధిలో ఉన్నవాళ్ళందరిదీ రావు కుటుంబమే అన్నట్టు. టెన్త్ సర్టిఫికెట్లో ఒకటి, ఆధార్లో ఒకటి, నాన్న రేషన్ కార్డులో ఇంకొకటి. లిస్టులో పేరొచ్చాక వెరిఫికేషన్లో అది బయటపడితే రెండు రోజుల గడువులో ఏం చేస్తారు చెప్పండి?

ఓబీసీ సర్టిఫికెట్ కూడా అంతే. సెంట్రల్ యూనివర్సిటీకి ఇక్కడ మన రాష్ట్రం వాళ్ళు వెనకబడిన కులాలకిచ్చే ఎస్ఈబీసీ సర్టిఫికెట్ చాలదు, సెంటర్ వాళ్ళ ఫార్మాట్లో నాన్ క్రీమీ లేయర్ అని ఉన్నది కావాలి, అంటే ఆ ఇంటి ఆదాయం హద్దు దాటలేదని రాసిచ్చేది. అది కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతే తీసింది అడుగుతారు. మనకి ఏప్రిల్ 1 ఉత్కళ దివస్, సెలవు, రెండో తారీకు నుంచే పరిగెత్తాలి. ఇంకోటి, కులాల లిస్టు రాష్ట్రానికో రకంగా ఉంటుంది, శ్రీకాకుళంలో ఉన్న మేనమామకి సర్టిఫికెట్ వచ్చింది కదా అని మనకీ అదే వస్తుందనుకోవద్దు, ఒడిశాకి ఉన్న సెంట్రల్ లిస్టులో మన కులం పేరు ఏ స్పెల్లింగుతో ఉందో ముందే చూసుకోవాలి.

ఊరి పేరు కూడా జాగ్రత్తండోయ్. మనం బరంపురం అంటాం, రైల్వే వాళ్ళు బ్రహ్మపూర్ అంటారు, యూనివర్సిటీ పేరు బెర్హంపూర్, అటు బెంగాల్లో కూడా దాదాపు ఇదే పేరుతో ఒక ఊరుంది. మా వీధి అబ్బాయి ఒకడు పరీక్ష సెంటర్ పెట్టేటప్పుడు ఆ బెంగాల్ ఊరు నొక్కేశాడు, నెట్ సెంటర్లో ఉన్నతను సబ్మిట్ కొట్టేముందు చూసి "ఒరే బాబూ, ఇది మన ఊరు కాదురా" అని ఆపాడు కాబట్టి సరిపోయింది.

పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడుకునే తెలుగే చదువులో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఈ ఫారాలు చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. ప్రొవిజనల్, మైగ్రేషన్, నాన్ క్రీమీ లేయర్ అన్న మాటలు ఇంట్లో అమ్మానాన్నలకి ఎవరూ విడమర్చి చెప్పరు, చెప్తే వాళ్ళు ఎంత సాయం చేస్తారో! ప్రొవిజనల్ అంటే అసలు డిగ్రీ పట్టా చేతికొచ్చేలోపు ఇచ్చే తాత్కాలిక కాగితం. మైగ్రేషన్ అంటే ఈ యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి వెళ్ళడానికి అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, అంతే. మన దగ్గర కాలేజీ మానేటప్పుడు ఇచ్చేది సీఎల్సీ, హైదరాబాద్లో టీసీ అని అడుగుతారు. నన్ను అడిగినప్పుడు నాకు కాళ్ళు వణికిపోయాయి, టీసీ తేలేదనుకున్నాను, లైన్లో వెనకున్న కటక్ అమ్మాయి ఒడియాలో చెప్పింది, అదీ ఇదీ ఒకటే అని. ఆ అమ్మాయే తర్వాత రెండేళ్ళు నా రూమ్మేట్.

నా రోజుల గురించి కూడా పిల్లలు అడుగుతుంటారు, అత్తా అక్కడ ఎలా ఉంటుంది అని. 1974లో పెట్టిన యూనివర్సిటీ, మొదట ఊళ్ళో సరోజినీ నాయుడు గారింట్లో మొదలయ్యి తర్వాత గచ్చిబౌలి వైపు వెళ్ళింది, బండరాళ్ళూ చెరువులూ నెమళ్ళూ, హాస్టల్ నుంచి క్లాసుకి సైకిల్ లేకపోతే కష్టం. సాయంత్రం షాప్‌కామ్, అంటే క్యాంపస్‌లోని కొట్ల దగ్గర టీ. తెలుగువాళ్ళు నా యాస విని శ్రీకాకుళమా అని అడిగేవారు, ఒడిశా అంటే అక్కడ తెలుగువాళ్ళుంటారా అని ఆశ్చర్యపోయేవారు. మెస్సులో మాత్రం రెండు బల్లలూ నావే, తెలుగు బల్ల దగ్గర కూర్చుని ఒడియా బల్ల మీద జోకులకి నవ్వేదాన్ని. ఫలక్‌నుమా సాయంత్రం బరంపురంలో ఎక్కితే మర్నాడు పొద్దున్న సికింద్రాబాద్, సంచిలో అమ్మ ఇచ్చిన అప్పడాలు విరక్కుండా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేదాన్ని.

మొన్న ఆదివారం మా మేనకోడలితో నేను సీటు మాట ఎత్తలేదు. నీ టెన్త్ సర్టిఫికెట్లో, ఆధార్లో పేరు ఒకేలా ఉందా అని అడిగాను. చేతులు కడుక్కుని ఫైలు తెచ్చింది. ఇద్దరం కింద చాప మీద కూర్చుని ఒక్కో కాగితం తీశాం, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా దొరికింది, నాన్న పేరులో ఇంకోటి. దానికి అఫిడవిట్ సరిపోతుందా, ఇంకేం కావాలో కనుక్కుని రావాలని మా అన్నయ్య చొక్కా వేసుకుని అప్పుడే బయల్దేరాడు. గంటన్నర సేపు ఆ పిల్ల ఫోను ముట్టుకోలేదు. "అత్తా, సీటు రాకపోతే ఈ కాగితాలన్నీ దండగే కదా" అంది. ఇక్కడ చేరినా ఇవే కావాలే అన్నాను. అవును కదా అని నవ్వింది, చాలా రోజుల తర్వాత.

మా అమ్మకి ఈ లిస్టులేం తెలీవు, వయసు కూడా పెద్దదే. మేము కాగితాలు చూసుకుంటుంటే ఆవిడ మెల్లగా అటక మీంచి నా పాత సూట్‌కేసు దింపించింది, నా హాస్టల్ రూమ్ నంబరు రాసిన చీటీ ఇంకా దానికి అతుక్కునే ఉంది. తడిగుడ్డతో తుడిచి మూత తెరిచి డాబా మీద అప్పడాల పక్కనే ఎండలో పెట్టింది. "ఏటి మామ్మా, ఇంకా లిస్టు రాలేదు కదా" అని పిల్ల అంటే, "వాసన పోవాల కదమ్మా, అందుకు" అంది.

ఉంటానండి, నమస్కారం.