దాగిన సాకెట్టుకు దారి
(క్యారవాన్‌లో కరెంటు రిపేర్ల గురించి అనంతపురం ఎలక్ట్రీషియన్లకు, బాడీ కట్టే పనివాళ్లకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

పెద్ద మేస్త్రీలకు, పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది. ఆ దారిలో పోయే క్యారవాన్‌లోనో (మంచం, వంటగది లోపలే అమర్చిన బండి), గండికోట చూడ్డానికి వచ్చిన బండిలోనో ఫ్రిజ్ ఆగిపోతే పిలిచేది మనల్నే. ఇంటి వైరింగ్ కొట్టినపిండి అయినవాడు కూడా ఈ బండిలో మొదట తడబడేది ఒక్క చోటే. ప్లగ్ పాయింట్ ఎక్కడుందో కంటికి కనపడదు. ఫ్రిజ్ వెనక ఒకటి, మైక్రోవేవ్ వెనక ఒకటి, మంచం కింద చార్జర్ కోసం ఒకటి, టీవీ పలక వెనక ఒకటి ఉంటాయి. ఇంట్లో అయితే బీరువా పక్కకు జరుపుతాం. ఇక్కడ బీరువాను గోడకూ నేలకూ కలిపి బిగించేసి ఉంటారు.

అందుకని చాలామంది రంపం తీసి ప్లైవుడ్ కోసేస్తారు. పదింట తొమ్మిది సార్లు ఆ కోత అవసరం ఉండదు. లారీలో చివర ఎక్కించిన బస్తానే ముందు దించుతాం కదా, క్యారవాన్ కూడా అట్లే ఊడుతుంది. వైరు ముందు లాగారు, సాకెట్ తర్వాత పెట్టారు, సామాను చివర బిగించారు. కాబట్టి "కట్టినవాడు ఈ మూల చివర బిగించింది ఏది?" అన్నది తేలితే దారి తెలిసినట్టే. రెండు మూడు స్క్రూలతోనే పని అయిపోతుంది.

ఆ దారిలో చెయ్యి పెట్టే ముందు కరెంటు సంగతి చూడాలి. ఇంట్లో మెయిన్ ఒక్కటి దించితే చాలు. క్యారవాన్‌కు కరెంటు మూడు నాలుగు వైపుల నుంచి వస్తుంది. బయటి నుంచి వచ్చే కేబుల్, ఇన్వర్టర్, ఉంటే జనరేటర్, పైన సోలార్ పలకలు. కేబుల్ పీకేసినా ఇన్వర్టర్ నడుస్తుంటే సాకెట్లో 230 వోల్టులు అట్లే ఉంటాయి. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) దించి ఊరుకోవద్దు, కేబుల్ ప్లగ్గే పీకండి. బయట ఎవరో వేసిచ్చిన ఎక్స్‌టెన్షన్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే సింగిల్ పోల్ (ఒక్క వైరునే తెంపే) ఎంసీబీ న్యూట్రల్‌ను మాత్రమే తెంపుతుంది, ఫేజు వైరు బతికే ఉంటుంది. ఇన్వర్టర్‌ను దాని స్విచ్ దగ్గరే ఆపండి. బ్యాటరీ నెగటివ్ కూడా తీయండి. పన్నెండు వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. స్పానర్ గానీ, చేతి కడియం గానీ ప్లస్‌కూ ఇనుప ఫ్రేముకూ మధ్య పడితే ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. ఉంగరాలు, కడియాలు తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి లోపల పెట్టండి.

నియాన్ టెస్టర్‌ను ఈ బండిలో నమ్మొద్దు. కొన్ని ఇన్వర్టర్ల అవుట్‌పుట్‌లో ఏ వైరూ ఎర్తుకు కలిసి ఉండదు. అప్పుడు టెస్టర్ రెండు వైర్ల మీదా మసకగా వెలగొచ్చు, అసలు వెలగకనే పోవచ్చు. మల్టీమీటర్‌తో మూడు జతలూ కొలవండి: ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్తు, న్యూట్రల్–ఎర్తు. ముందు కరెంటున్న పాయింట్ మీద మీటరు పనిచేస్తున్నదో లేదో చూసుకొని, ఆపిన పాయింట్ కొలిచి, మళ్లీ కరెంటున్న దాని మీద పెట్టి చూడండి. మీటరే చెడిపోయి ఉంటే అది చూపే సున్నాకు విలువ లేదు.

ఇక వెతకడం. ఈ పనిలో తెలివంతా ఇక్కడే ఉంది. క్యారవాన్‌లో సాకెట్లు ఒకదాని నుంచి ఇంకొకదానికి గొలుసుగా పోతాయి. ఏవి పనిచేస్తున్నాయి, ఏవి పనిచేయడం లేదు అని, కరెంటు ఆపకముందే బండి చుట్టూ తిరిగి కాగితం మీద రాసుకోండి. పనిచేసే చివరి పాయింట్‌కూ, చచ్చిన మొదటి పాయింట్‌కూ మధ్యనే తప్పు ఉంటుంది. బాగా ఉన్న ఆ చివరి పాయింట్ వెనక టెర్మినల్‌లో వైరు వదులైనా దాని తర్వాత ఉన్నవన్నీ చస్తాయి. కాబట్టి చేతికి అందే దాన్ని మొదట విప్పి చూసి, ఆ తర్వాతే అందని దాని జోలికి పోండి. ఇన్వర్టర్ మీదే నడిచే సాకెట్లు కొన్ని బండ్లలో వేరుగా ఉంటాయి. ఇన్వర్టర్ ఆపి ఉన్నందుకే అవి పనిచేయకపోవచ్చు, అది కూడా ముందే చూసుకోండి.

ఆర్సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే సరఫరా తెంపే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంటే లెక్క వేరు. ఆ సర్క్యూట్ ఎంసీబీ దించినా ఆర్సీసీబీ పడుతూనే ఉంటే, దాగిన సాకెట్ వెనక న్యూట్రల్ వైరు నలిగి ఇనుప ఫ్రేముకు తగులుతున్నదేమో అనుమానించండి. సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ను విడదీయదు కాబట్టి, వేరే సర్క్యూట్‌లో లోడు వేసినా ఈ న్యూట్రల్ గుండా కొంత కరెంటు ఎర్తుకు పోతుంది. న్యూట్రల్ బార్ నుంచి ఆ సర్క్యూట్ న్యూట్రల్‌ను ఊడదీసి చూడండి. ఆర్సీసీబీ నిలబడితే దొంగ దొరికినట్టే.

వెనక్కు పోయే దారులు ఇవి. గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్ అయితే బండి బయట గోడకు గాలి పోవడానికి పెట్టిన జాలీ మూత ఉంటుంది. కింది మూత క్లిప్పులు తిప్పి తీస్తే ఫ్రిజ్ ప్లగ్గూ, సాకెట్టూ చాలావరకు అక్కడే కనపడతాయి. ముందు సిలిండర్ వాల్వు కట్టేయండి. ఆ ఫ్రిజ్‌ను ముందుకు లాగాల్సి వస్తే గ్యాస్ పైపు విప్పే పని తెలిసినవాళ్లతోనే చేయించి, బిగించాక సబ్బు నీళ్లతో లీకు చూడాలి. మామూలు కంప్రెసర్ ఫ్రిజ్ అయితే ముందువైపు అంచుల్లో ప్లాస్టిక్ మూతల కింద స్క్రూలుంటాయి. అవి తీస్తే ఫ్రిజ్ ముందుకు వస్తుంది. నేల గీతలు పడకుండా కింద అట్ట పరచండి. మైక్రోవేవ్‌కు చుట్టూ ఉండే చట్రం తీయాలి. వంటగది సొరుగు లాగేటప్పుడు రెండు వైపులా ఛానెల్ (సొరుగు జారే పట్టీ) లోపల చిన్న నల్ల మీట ఉంటుంది. చాలా ఛానెళ్లలో ఒక వైపు మీట పైకి, ఇంకో వైపుది కిందికి ఒకేసారి నొక్కితే సొరుగు మొత్తం చేతిలోకి వస్తుంది. సొరుగు వెనకకూ గోడకూ మధ్య ఉన్న సందులోనే వైర్లు పరుగు తీస్తుంటాయి. ఏది ఊడదీసే ముందైనా ఫోన్ టార్చ్ వేసి, వీడియో ఆన్ చేసి, సందులోకి చెయ్యి పెట్టి తిప్పండి. చెయ్యి పట్టని చోటుకు ఫోన్‌కు తగిలించే సన్నటి పాము కెమెరా వాడండి.

సాకెట్ విప్పడంలో ఒక మాట. మన మాడ్యులర్ రకమైతే పై ప్లేటు అంచున గాడి ఉంటుంది. చదును స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపి, లోపలి రెండు స్క్రూలు తీయండి. అమెరికాలో తయారైన ట్రైలర్ అయితే జాగ్రత్త. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన సాకెట్ నుంచి నేరుగా కరెంటు ఇవ్వకూడదు. వాటిలో సాకెట్, దాని పెట్టె రెండూ ఒకటిగా ఉండే రకం ఎక్కువ. ముందువైపు స్క్రూలు వదులు చేస్తే వెనక రెక్కలు మడుచుకొని సాకెట్ బయటికి వస్తుంది. వైరు తొక్క తీయకుండా గాడిలోకి నొక్కి కలిపి ఉంటారు. ఒకసారి పీకిన ఆ గాడి మళ్లీ గట్టిగా పట్టదు, కాబట్టి స్క్రూ టెర్మినళ్లున్న సాకెట్ పెట్టండి. ఇంకా ముఖ్యం రంగుల సంగతి. మన దగ్గర నలుపు న్యూట్రల్, అక్కడ నలుపే ఫేజు. తెలుపు న్యూట్రల్. ఈ తేడా తెలియక కలిపితే ప్రాణం మీదికి వస్తుంది.

సాకెట్ బయటికి రాగానే ముందు వైరుకు దారం కట్టండి. టెర్మినల్ నుంచి జారిన వైరు ప్యానెల్ లోపలికి పోయిందంటే రిపేరు పది నిమిషాలది పూటంతా అవుతుంది.

తప్పు సాధారణంగా స్క్రూ దగ్గరే ఉంటుంది. బండి అదురుడుకు స్క్రూ వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, రాగి నల్లబడుతుంది, ప్లాస్టిక్ గోధుమరంగుకు మారుతుంది. గట్టి ఒంటి తీగ అదురుడుకు టెర్మినల్ అంచున తెగిపోతుంది కూడా. అందుకే బండిలో ఎప్పుడూ సన్న తీగల వైరే వాడాలి. 6 ఆంపియర్ పాయింట్‌కు 1.5 స్క్వేర్ ఎంఎం, 16 ఆంపియర్‌కు 2.5 స్క్వేర్ ఎంఎం. 1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల మీద 6.5 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ సాకెట్లో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. రేకు పైకప్పు కింద, మూసిన అరలో ఇంకా ఎక్కువ. ఆ వేడిలో వైరు మోయగల కరెంటు తగ్గుతుంది.

నల్లబడిన రాగిని గీకి మళ్లీ పెట్టొద్దు. మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, తొక్క 8 నుంచి 10 మిల్లీమీటర్లు తీసి, ఫెర్రూల్ (సన్న తీగల చివర తొడిగే లోహపు గొట్టం) నొక్కి బిగించండి. బిగించాక ఒక్కొక్క వైరును చేత్తో లాగి చూడండి. వైరు పొట్టిదైతే ముక్క అతకొచ్చు గానీ, ఆ అతుకు తెరవగలిగే పెట్టెలో ఉండాలి. ప్యానెల్ వెనక టేపు చుట్టిన అతుకు రేపు ఇంకో ఎలక్ట్రీషియన్ కొంప ముంచుతుంది. ఇనుప ఫ్రేము రంధ్రంలో నుంచి వైరు పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (అంచుకు వైరు ఒరుసుకోకుండా పెట్టే వలయం) ఉండాలి.

నిజంగా దారి లేని చోట మాత్రమే కోయండి. మంచం కిందనో, అల్మారా లోపలనో, కనపడని వైపు. మూలల్లో 10 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, బ్లేడు లోతును ప్లైవుడ్ మందానికి కట్టేసుకొని, 150కి 200 మిల్లీమీటర్ల కిటికీ చేయండి. వెనక వైరు తగులుతుందన్న భయం ఉంటే లోతు ఇంకా తగ్గించి రెండు విడతల్లో కోయండి. చుట్టూ 25 మిల్లీమీటర్లు ఎక్కువున్న పలకతో స్క్రూలు వేసి మూయండి. తర్వాతివాడికి అదే దారి.

కరెంటు ఇచ్చే ముందు పరీక్షలు. సాకెట్ ఎర్తు పిన్ను నుంచి చాసిస్‌కు ఒక ఓమ్ లోపే రావాలి. ఇన్వర్టర్, చార్జర్, ఫ్రిజ్, ఎల్‌ఈడీ లైట్లు, యూఎస్‌బీ సాకెట్లు అన్నీ విడదీసి 500 వోల్టుల మెగ్గర్ (వైరు తొక్క బాగుందో లేదో కొలిచే మీటరు) వేయండి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపితే కరెంటు ఇవ్వొద్దు, ఎక్కడో తొక్క చెడిపోయింది. సాకెట్‌ను ఎదురుగా నిలబడి చూస్తే ఎర్తు పైన, ఫేజు కుడివైపు ఉండాలి. పని జరగడం లేదని సాకెట్ లోపల న్యూట్రల్‌నూ ఎర్తునూ కలిపేవాళ్లున్నారు, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. చివరగా 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. అది పడకపోతే రిపేరు పూర్తి కానట్టే, ముందు దాన్ని మార్చండి.

బండి వదిలే ముందు ఏ ఎంసీబీ ఏ సాకెట్లకు పోతుందో, వైరు ఏ దారిన పోతుందో, ఏ పలక వెనక ఏముందో ఒక కాగితం మీద గీసి అల్మారా తలుపు లోపలివైపు అంటించండి. ఫోటోలు ఓనరు ఫోన్‌కు పంపండి. ఈ టేబుల్ మీద రెండు రకాల సాకెట్లు, మెగ్గర్, ఫెర్రూల్ ప్లయర్ ఉన్నాయి. దగ్గరకొచ్చి చేత్తో విప్పి చూడండి, అడగాల్సింది ఇక్కడే అడగండి.