పూలు కట్టినందుకు పాపను తీసుకుపోతారా?

(అనంతపురం నుంచి ప్రసారమైన న్యాయ సలహాల ఫోన్-ఇన్ కార్యక్రమంలో కొంత భాగం)

వ్యాఖ్యాత: తరువాతి ఫోను కళ్యాణదుర్గం నుంచి. చెప్పండమ్మా, మేడమ్ వింటున్నారు.

శ్రోత: నమస్కారం మేడమ్. ఇంట్లో మాలలు కట్టి బస్టాండు దగ్గర అమ్ముకుంటాం. స్థలం విషయంలో మా బావగారితో తగాదా ఉంది. పోయిన వారం ఎవరో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసి, మా పాపను బడి మాన్పించి పని చేయిస్తున్నామని, అన్నం కూడా పెట్టడం లేదని చెప్పారట. ఇద్దరు వచ్చి ఇల్లంతా చూసి వెళ్లారు. మంగళవారం పాపను బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకురమ్మన్నారు. ఆ ఫోను చేసిందెవరో నాకు తెలియాలి మేడమ్.

న్యాయవాది: ఆ పేరు ఇప్పుడు మీకెందుకమ్మా? సమాచారం ఇచ్చినవారి వివరాలు గోప్యంగా ఉంచుతారు. సమాచార హక్కు కింద అడిగినా నిరాకరించవచ్చు. పాప ఏం చదువుతోంది?

శ్రోత: ఐదో తరగతి. ఒక్కరోజు కూడా మానదు.

న్యాయవాది: పూలు కడుతుందా? దాచకుండా చెప్పండి.

శ్రోత: బడి నుంచి వచ్చాక కాసేపు... వరలక్ష్మీ వ్రతం ముందు రోజు మాత్రం రాత్రి పది దాకా కట్టింది.

న్యాయవాది: బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. ప్రమాదం లేని పనైతే, బడి వేళలు అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబానికి పిల్లలు సాయపడవచ్చు. కానీ రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు ఏ పనీ చేయించకూడదు. కాబట్టి ఆ రాత్రి సంగతి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఇక జరగదనండి. అబద్ధపు ఫిర్యాదుకు మనం అబద్ధంతో జవాబిస్తే కేసు చేజేతులా పాడవుతుంది.

శ్రోత: పాపను అక్కడే ఉంచేసుకుంటారా?

న్యాయవాది: ఒక్క ఫోను పట్టుకుని అలా చేయరు. 2015 బాల న్యాయ చట్టం పిల్లలను హోముకు పంపడాన్ని చిట్టచివరి మార్గంగానే చూస్తుంది. ప్రధానోపాధ్యాయుల దగ్గర హాజరు పట్టిక నకలు, ఉత్తరం తీసుకోండి. ఆరోగ్య రికార్డులుంటే పెట్టుకోండి. స్థలం తగాదా కాగితాలు కూడా తీసుకెళ్లండి, ఫిర్యాదు ఎందుకొచ్చిందో అవే చెబుతాయి. పాపతో చిలకపలుకులు పలికించకండి. కమిటీ వాళ్లు రోజూ పిల్లలతో మాట్లాడేవాళ్లు, ఇట్టే పట్టేస్తారు.

శ్రోత: ఉత్తర్వు మాకు వ్యతిరేకంగా వస్తే?

న్యాయవాది: నకలు అడిగి తీసుకోండి. 30 రోజుల్లో పిల్లల కోర్టులో అప్పీలు వేయవచ్చు. కమిటీ తీరు మీదే అభ్యంతరముంటే కలెక్టరుకు రాసివ్వండి, చట్టం ఆ అధికారం ఆయనకే ఇచ్చింది. కలెక్టరేటులో సోమవారం అర్జీల రద్దీలో నిలబడి పాప పేరు మాత్రం గట్టిగా చదివించకండి, పిల్లల వివరాలు బయటపెట్టకూడదు. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోను చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి.

శ్రోత: మరి అబద్ధం చెప్పినవాళ్లను వదిలేయాలా?

న్యాయవాది: వదలక్కర్లేదు, కానీ అది రెండో పని. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షను కింద, అబద్ధమని తెలిసీ అధికారికి సమాచారమిస్తే శిక్ష ఉంది. అయితే ఆ కేసు మీరు నేరుగా వేయలేరు, సంబంధిత అధికారే కోర్టుకు ఫిర్యాదు చేయాలి. విచారణలో అబద్ధమని తేలాక, చర్య తీసుకోమని వాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి. నిజంగానే పాప మీద జాలితో ఎవరైనా పొరబడి ఫోను చేసి ఉంటే అది నేరం కాదు, ఉండకూడదు కూడా. మంగళవారం దాకా మీ బావగారి గడప తొక్కకండి. అక్కడ గొడవైతే కొత్త కేసు మీ మీదే పడుతుంది.

వ్యాఖ్యాత: గుంతకల్లు నుంచి మరొకరు. క్లుప్తంగా చెప్పండి సార్.

శ్రోత: మేడమ్, విడాకుల కేసు నడుస్తోంది. కూతురి విషయంలో నా మీద పోక్సో కేసు పెడతామని మా బావమరిది బెదిరిస్తున్నాడు. అబద్ధపు కేసు పెడితే వాళ్లకే శిక్ష అంటారు కదా?

న్యాయవాది: పోక్సో అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం. అందులోని 22వ సెక్షనులో ఉంది, ఆరు నెలల దాకా జైలు. అయితే కేసు వీగిపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమైపోదు, దురుద్దేశం రుజువు కావాలి. పాప చెప్పింది అబద్ధమని తేలినా పాపకు మాత్రం శిక్ష ఉండదు. బెదిరింపు సందేశాలున్నాయా?

శ్రోత: ఫోనులో ఉన్నాయి.

న్యాయవాది: ఒక్కటీ చెరపకండి. పాపను పిలిచి ఆరా తీయకండి, సాక్షిని ప్రభావితం చేశారంటారు. ఈరోజే లాయరును కలిసి ముందస్తు బెయిలు గురించి మాట్లాడండి. 22వ సెక్షను సంగతి ఆ తరువాత.