రీసెట్ బటన్ జోలికి వెళ్ళే ముందు

అందరికీ నమస్కారం.

ఇందాక చేతులెత్తమంటే సగం మందికి పైగా ఎత్తారు. అంటే మీ ఇళ్ళల్లో రౌటర్ మీద ఇప్పటికే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ నడుస్తోందన్నమాట, అదే, రౌటర్‌లో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు మనం ఎక్కించుకునే లినక్స్ ఫర్మ్‌వేర్. చాలా సంతోషం. కాబట్టి ఎలా ఎక్కించాలో చెప్పి మీ సమయం తినను. ఎక్కించాక ఒకరోజు నెట్ ఆగిపోతే ఏం చెయ్యాలో మాట్లాడుకుందాం.

నెట్ ఆగగానే మన చెయ్యి ముందు పవర్ స్విచ్ మీదికి పోతుంది. దానికీ లొంగకపోతే రీసెట్ బటన్ మీదికి. దయచేసి ఆ పని చెయ్యకండి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఎప్పుడేం జరిగిందో రాసుకునే సిస్టమ్ లాగ్ ఉండేది ర్యామ్‌లో. పవర్ తీసిన క్షణాన అది పోతుంది. ఎందుకు ఆగిందో చెప్పగల సాక్ష్యం అదొక్కటే. ముందు లాగిన్ అయ్యి లాగ్‌రీడ్ కమాండ్ కొట్టి, వచ్చిందంతా ఒక ఫైల్‌లో దాచుకోండి. తరవాత ఏదైనా చెయ్యండి.

అసలు ఈ ఫర్మ్‌వేర్ పుట్టిందే లోపల ఏముందో చూసే హక్కు కోసం. 2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్ వచ్చింది. అందులో ఉన్నది లినక్స్ అని జనం కనిపెట్టి, వాడేవాళ్ళకి కోడ్ ఇచ్చి తీరాలనే జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్ అడిగారు. 2003లో కంపెనీ ఇచ్చింది. 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదలైంది. అంత కష్టపడి తెరిపించిన పెట్టెలోకి తొంగి చూడకుండా రీసెట్ కొట్టడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఒక కేసు వివరంగా చూద్దాం. మన ఊళ్ళల్లో ఇది తరచూ ఎదురయ్యేదే. కరెంటు పోయి వచ్చింది. రౌటర్ లేచింది. ఫోన్‌లో వైఫై కనెక్టయినట్టే ఉంది, కానీ ఏ సైటూ తెరుచుకోదు. రౌటర్‌లోకి వెళ్ళి బయట ఇంటర్నెట్‌లో ఉన్న 1.1.1.1 అనే అడ్రస్‌కి పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని అడిగితే, జవాబు చక్కగా వస్తోంది. సైటు పేరుతో కొడితే మాత్రం రాదు. అంటే లైను బాగానే ఉంది, సైటు పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ పోయింది. ఇక్కడే చాలామంది సర్వీసు వాళ్ళకి ఫోన్ చేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. రౌటర్‌లో డేట్ కమాండ్ కొట్టి చూడండి. రెండు మూడు నెలల కిందటి తేదీ కనబడుతుంది.

మామూలు ఇంటి రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. లేచినప్పుడు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లో అన్నిటికన్నా కొత్త ఫైల్ ఏ తేదీదో చూసి, ప్రస్తుతానికి అదే తేదీ అనుకుంటుంది. మీరు సెట్టింగులు ముట్టుకుని మూడు నెలలైతే గడియారం మూడు నెలలు వెనక ఉంటుంది. మీరు ఎన్‌క్రిప్టెడ్ డీఎన్ఎస్, అంటే మధ్యలో ఎవరూ చదవలేని డీఎన్ఎస్ పెట్టుకున్నారనుకోండి. అవతలి సర్వర్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్ ఈ మధ్యే మారితే, రౌటర్ లెక్క ప్రకారం దాని గడువు ఇంకా మొదలే కాలేదు. అందుకని నమ్మదు. డీఎన్ఎస్ ఆగుతుంది. గడియారం సరిచేసుకోవాలంటే టైమ్ చెప్పే ఎన్‌టీపీ సర్వర్‌ని అడగాలి. ఆ సర్వర్‌ని మనం పేరుతో ఇచ్చాం. పేరు విప్పాలంటే డీఎన్ఎస్ కావాలి. ఇక దేనికది ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

అప్పటికప్పుడు గట్టెక్కాలంటే లూసీలో, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగుల పేజీలో, సిస్టమ్ పేజీకి వెళ్ళి సింక్ విత్ బ్రౌజర్ నొక్కండి. మీ ల్యాప్‌టాప్ టైమ్ రౌటర్‌కి వస్తుంది, నెట్ లేస్తుంది. మళ్ళీ రాకుండా ఉండాలంటే ఎన్‌టీపీ సర్వర్ల జాబితాలో ఒకటైనా పేరుతో కాకుండా ఐపీ అడ్రస్‌తో పెట్టండి. ఉదాహరణకి 162.159.200.1, అది క్లౌడ్‌ఫ్లేర్ టైమ్ సర్వర్. ఈ కేసులో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా నెట్ వచ్చేస్తుంది, ఎందుకంటే ఎన్‌క్రిప్టెడ్ డీఎన్ఎస్ సెట్టింగు కూడా దాంతో తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ పెట్టుకున్నాక, తర్వాతెప్పుడో కరెంటు పోయినప్పుడు మళ్ళీ అదే గొడవ.

ఇంకొకటి. ఫైబర్ వాళ్ళు ఇంట్లో పెట్టిన పెట్టె, అదే ఓఎన్‌టీ, దాని అడ్రస్ చాలాచోట్ల 192.168.1.1. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీది కూడా అదే. ఒకే వీధిలో రెండిళ్ళకి ఒకే డోర్ నంబరు ఉన్నట్టు. మీ రౌటర్‌ని 192.168.10.1కి మార్చండి. మారిస్తే నిలవడం లేదని చాలామంది అంటారు. కొత్త సెట్టింగు పెట్టాక లూసీ 90 సెకన్లు చూస్తుంది. ఈలోగా మీ బ్రౌజర్ మళ్ళీ అందకపోతే పాత సెట్టింగే పెట్టేస్తుంది. అడ్రసే మారినప్పుడు పాత అడ్రస్‌లో బ్రౌజర్ ఎలా అందుతుంది? ఈ ఒక్క మార్పుకి అప్లై అన్‌చెక్డ్ ఎంచుకోండి. మిగతా వాటికి ఆ 90 సెకన్ల కాపలా ఉండనివ్వండి, మంచిది.

పీపీపీఓఈ కనెక్షన్, అంటే రౌటర్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టాల్సిన కనెక్షన్ వాళ్ళకి కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూనే ఉంటే ఎంటీయూని, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజుని, అనుమానించండి. పీపీపీఓఈలో అది మామూలుగా 1492 బైట్లు. ఫైర్‌వాల్‌లో వ్యాన్ జోన్‌కి, అంటే ఇంటర్నెట్ వైపుకి, ప్యాకెట్లని ఆ సైజుకి సరిపోయేలా తగ్గించే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ టిక్ ముందే ఉంటుంది. మీరు సొంతంగా ఇంకో జోన్ చేసుకుంటే ఉండకపోవచ్చు, చూసుకోండి. రౌటర్ లేచాక 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక నిమిషం కనబడకపోతే కంగారు పడకండి. కొన్ని ఛానెళ్ళలో రాడార్ ఉందేమోనని 60 సెకన్లు విన్నాకే సిగ్నల్ వదలాలి.

అసలు లాగిన్ కూడా కాకపోతే ఫెయిల్‌సేఫ్ అనే అత్యవసర మోడ్ ఉంది. అందులో మీ సెట్టింగులు లెక్కలోకి రావు, కానీ చెరిగిపోవు. మౌంట్ రూట్ కమాండ్ కొడితే మీ ఫైళ్ళు చేతికొస్తాయి, తప్పున్న ఒక్క లైను దిద్దుకోవచ్చు. కొన్నిసార్లు కారణం స్టోరేజీ నిండిపోవడమే. స్థలం కోసం ఫర్మ్‌వేర్‌తో పాటు వచ్చిన ప్యాకేజీలు తీసేయకండి. అవి చదవడానికి మాత్రమే వీలున్న భాగంలో ఉంటాయి, తీసేసినా స్థలం రాదు. మీరు ఎక్కించినవే తీయండి.

ఇదిగో, ఇక్కడ ఒక రౌటర్ తెచ్చాను. ల్యాప్‌టాప్‌కి 192.168.1.2 ఇచ్చి కేబుల్ పెట్టాను. ఫెయిల్‌సేఫ్‌లోకి వెళ్ళాలంటే పవర్ వేశాక లైటు మిణుకుమనగానే బటన్ నొక్కాలి. ఆ సందు కొద్ది సెకన్లే. వెనక వరుసల వాళ్ళు దగ్గరికి రండి, చేసి చూపిస్తాను.