ఎండల సీమలో డి విటమిన్ ఎందుకు చాలడం లేదు?

శ్రోతలకు నమస్కారం.

ఎండ అంటే ఏమిటో అనంతపురం, కడప, కర్నూలు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం తేటగానే ఉంటుంది. ఎండ తగిలితే చర్మంలోనే డి విటమిన్ తయారవుతుందని చిన్నప్పుడే చదువుకున్నాం. అలాంటప్పుడు మన గర్భిణులకు ఈ విటమిన్ లోటు ఎలా వస్తుంది?

మనకు దగ్గర్లోనే, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు ఆ చుట్టుపక్కల పట్నం వాళ్లకూ పల్లె వాళ్లకూ రక్తపరీక్షలు చేశారు. ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్నవాళ్లలో కూడా చాలామందికి డి విటమిన్ తక్కువగా ఉంది. పొలం పనులు చేసే పల్లె జనం పట్నం వాళ్లకంటే కాస్త నయం. అయితే వాళ్ల తిండిలో కాల్షియం తక్కువ, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ. అందువల్ల ఉన్న కొద్దిపాటి విటమిన్ కూడా తొందరగా ఖర్చైపోతుంది. డి విటమిన్, కాల్షియం జోడెడ్ల లాంటివి. ఒకదాన్ని విప్పేసి రెండోదానితో బండి లాగించలేం.

ముందు ఎండ సంగతి చూద్దాం. డి విటమిన్ తయారీకి పనికొచ్చేది ఎండలోని వేడి కాదు, వెలుతురూ కాదు. అతినీలలోహిత కిరణాల్లో బి రకం అనే చిన్న పాయ ఒకటి ఉంది, పని చేసేది అది. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలిపొరల్లోనే ఆగిపోతాయి. అందుకే ఉదయం ఏడు గంటల ఎండలో గంటసేపు కూర్చున్నా డి విటమిన్ దాదాపు తయారు కాదు. తిరుపతిలోనే చేసిన కొలతల్లో పగలు 11 నుంచి 2 మధ్య ఎండలో తయారీ అన్నింటికంటే ఎక్కువగా కనిపించింది. దీనికి గడియారం కూడా అవసరం లేదు, మీ నీడ చూసుకుంటే చాలు. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే ఆ ఎండతో లాభం తక్కువ. మీకంటే పొట్టిగా ఉంటే అది పనికొచ్చే ఎండ. కడపలో మే నెలలో తొమ్మిదింపావుకల్లా నీడ మన ఎత్తుకు సమానమవుతుంది. డిసెంబరులో అలా కావడానికి పదిన్నర దాటాలి.

మే నెల మధ్యాహ్నం ఎండలోకి గర్భిణిని వెళ్లమని ఎవరూ చెప్పకూడదు. వడదెబ్బ తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. ఎండాకాలంలో తొమ్మిదిన్నర ప్రాంతంలో పావుగంట, చలికాలంలో పదకొండు తర్వాత ఇరవై నిమిషాల నుంచి అరగంట, మోచేతుల దాకా చేతులు, పాదాలు, ముఖం ఎండకు తగిలేలా మిద్దె మీదో వాకిట్లోనో ఉంటే మేలు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, అద్దం ఆ కిరణాలను రానివ్వదు. నలుపు ఎక్కువున్న చర్మానికి ఎక్కువ సేపు కావాలి.

ఇంత తేలికైనది ఎందుకు జరగడం లేదంటే, మన ఆడవాళ్ల రోజు గడిచే తీరే అందుకు కారణం. ధర్మవరంలోనో ఎమ్మిగనూరులోనో మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి పొద్దు పొడిచిందీ గుంకిందీ తెలియదు. వేరుశనగ చేలో పని చేసే ఆమె ఎండలోనే ఉంటుంది, కానీ తలకు గుడ్డ చుట్టి, చీర మీద నిండు చేతుల చొక్కా వేసుకుంటుంది. ఆ ఎండకు అది అవసరమే, తప్పనలేం. కడుపుతో ఉంటే గడప దాటవద్దంటారు, కాన్పయ్యాక తలుపు మూసిన గదిలో ఉంచుతారు. విటమిన్ ఎక్కువ అక్కరకొచ్చే నెలల్లోనే ఎండ దూరమవుతుంది.

అక్కర ఎందుకో కూడా చెప్పుకుందాం. నెలలు నిండి పుట్టే బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఆఖరి మూడు నెలల్లోనే తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది. డి విటమిన్ మావి దాటి బిడ్డకు అందుతుంది. బొడ్డుతాడు రక్తంలో దాని మోతాదు మామూలుగా తల్లి రక్తంలో కంటే తక్కువే ఉంటుంది. అంటే తల్లికి లోటుంటే బిడ్డ అంతకన్నా లోటుతో పుడుతుంది. తల్లిపాలకు సాటి వచ్చే ఆహారం లేదు, నిజమే. అయినా డి విటమిన్ ఒక్కటి మాత్రం అందులో చాలా తక్కువ. లోటు బాగా ఎక్కువైతే పుట్టిన కొద్ది రోజులకో వారాలకో బిడ్డకు కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. తర్వాత నెలల్లో ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు కనిపిస్తుంది. మణికట్టు లావెక్కడం, పక్కటెముకల చివర్లు పూసల్లా తేలడం, పళ్లు ఆలస్యంగా రావడం, నడక మొదలుపెట్టాక కాళ్లు వంగడం దాని గుర్తులు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. అక్కడ కాల్షియం కూడా తక్కువైతే ఎముకల వంకర ఇంకా ముదురుతుంది.

ఇక పెద్దయ్యాక సంగతి. గర్భంలో అందిన డి విటమిన్ వల్ల పిల్లలకు ఆస్తమా రాదని, తెలివి పెరుగుతుందని, ఎత్తు ఎదుగుతారని రకరకాలుగా వింటుంటాం. తేలినదాన్నీ తేలనిదాన్నీ వేరు చేసి చెప్పడం మా బాధ్యత. ఇంగ్లండులో సౌతాంప్టన్, ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ ఆసుపత్రుల్లో వెయ్యిమందికి పైగా గర్భిణులను తీసుకుని సగం మందికి నాలుగో నెల నుంచి రోజుకు 1000 యూనిట్ల డి విటమిన్, మిగతావారికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. 2016లో ఫలితాలు వచ్చాయి. పుట్టగానే కొలిస్తే మొత్తం మీద పిల్లల ఎముకల్లో తేడా లేదు, చలికాలంలో పుట్టినవాళ్లలో మాత్రమే మేలు కనిపించింది. అదే పిల్లలను నాలుగేళ్లప్పుడు, మళ్లీ ఆరేడేళ్లప్పుడు కొలిస్తే, విటమిన్ తీసుకున్న తల్లుల పిల్లల ఎముకల సాంద్రత కాస్త ఎక్కువగా ఉంది. తేడా చిన్నదే. కానీ ఎముక బలానికి పునాది పసితనంలోనే పడుతుంది కాబట్టి ఇది తీసిపారేయదగ్గది కాదు. డెన్మార్కులో ఎక్కువ మోతాదు ఇచ్చి చూస్తే పిల్లల పళ్ల పైపొర లోపాలు తగ్గాయి. అమెరికాలో రోజుకు 4400 యూనిట్లు ఇచ్చిన అధ్యయనంలో ఆరేళ్ల వయసుకు ఆస్తమాలో మేలేమీ కనిపించలేదు. మనకు దగ్గరి దేశం బంగ్లాదేశ్. అక్కడ ఢాకాలో 1300 మంది తల్లుల మీద చేసిన పరిశోధనలో, లోటు ఎక్కువున్న జనమే అయినా, ఏడాది వయసుకు పిల్లల పొడుగు పెరగలేదు. కాబట్టి ఎముకలు, పళ్ల విషయంలో నమ్మకం పెట్టుకోవచ్చు. మిగతా ఆశలతో పెద్ద మోతాదు మింగడం మాత్రం తగదు.

మరి ఎంత తీసుకోవాలి? మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు 600 యూనిట్ల డి విటమిన్, 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్ర ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి విటమిన్ ఉంటాయి. 14వ వారం నుంచి రోజుకు రెండు, కాన్పయ్యాక ఆరు నెలల దాకా కూడా రెండు వేసుకోవాలి. చాలామంది కాన్పుతోనే ఆపేస్తారు, అది తప్పు. బయట కొనుక్కుంటే అట్ట మీద బాగా చూడండి. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే.

మాత్రలు పని చేయకపోవడానికి పెద్ద కారణం వేళలు కలిసిపోవడం. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఉదయం టిఫిన్‌తో ఒక కాల్షియం, మధ్యాహ్నం భోజనంతో ఇంకొకటి, రాత్రి తిన్న రెండు గంటలకు ఐరన్ అని పెట్టుకుంటే గుర్తుంటుంది. కాల్షియం మాత్ర పరగడుపున వద్దు. టీ, కాఫీ ఐరన్‌కు అడ్డుపడతాయి, ఆ మాత్రకు మంచినీళ్లే వాడండి.

తిండిలో కాల్షియం మన దగ్గర బాగానే దొరుకుతుంది. నూరు గ్రాముల రాగిపిండిలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మునగాకు, నువ్వులు, మజ్జిగ కూడా మంచివే. రాగులు నానబెట్టి మొలకెత్తించినా, అంబలి పులియబెట్టినా ఫైటేట్లు తగ్గి కాల్షియం బాగా పడుతుంది. అయితే సంగటిలో డి విటమిన్ ఉండదు. గుడ్డు పచ్చసొనలో సుమారు 40 యూనిట్లు ఉంటాయి. ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉన్న పాలలో లీటరుకు 200 నుంచి 300 యూనిట్లు కలుపుతారు. ఇవి తోడు మాత్రమే, మాత్రకు బదులు కావు.

రక్తపరీక్ష అందరికీ అక్కర్లేదు. ఎముకల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేకపోవడం, బాతు నడక, ఫిట్స్ మాత్రలు వాడటం, ముందు బిడ్డకు రికెట్స్ రావడం, వీటిలో ఏదైనా ఉంటే ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల పరీక్షల రోజున డాక్టరుతో చెప్పండి. లోటు తేలితే వారానికోసారి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ రాయవచ్చు. అది వారానికి ఒకటి, రోజూ వేసుకునేది కాదు. ఈ పొరపాటు జరుగుతూనే ఉంటుంది.

పుట్టిన బిడ్డకు మొదటి రోజుల నుంచి ఏడాది దాకా రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు ఇవ్వాలని పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. పొద్దున్నే బిడ్డను ఎండపొడలో పడుకోబెట్టడం దానికి సరిపోదు. పచ్చకామెర్లకు కూడా దాన్నే నమ్ముకుని ఆలస్యం చేయకండి. చుక్కల మందు కొనేటప్పుడు సీసా మీద లెక్క చూసుకోండి. కొన్నింటిలో ఒక మిల్లీలీటరుకు 400, కొన్నింటిలో 800, ఇంకొన్నింటిలో ఒక్క చుక్కకే 400 యూనిట్లు ఉంటాయి. కంపెనీ మారితే పాత కొలత పనికిరాదు, సీసాతో వచ్చిన ఫిల్లర్‌నే వాడాలి. తల్లికి రాసిన 60,000 ప్యాకెట్ బిడ్డకు పట్టవద్దు. మోతాదు మించితే బిడ్డ వాంతులు చేసుకుంటుంది, పాలు తాగదు, విరేచనం గట్టిపడుతుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది, బరువు పెరగదు. అలా కనిపిస్తే మందు ఆపి, ఆ సీసా కూడా చేతపట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.