అపరిచిత గద్యానికి పిల్లలను సిద్ధం చేయడం

వేదికనలంకరించిన పెద్దలకు, తోటి తెలుగు ఉపాధ్యాయులకు నమస్కారం.

పదో తరగతి పబ్లిక్ పరీక్షకు పిల్లలను తయారు చేయడం గురించి మాట్లాడమన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రథమ భాష ప్రశ్నపత్రంలో అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు అనే మూడు విభాగాలున్న సంగతి మీకు తెలిసిందే కనుక మొత్తం పత్రం జోలికి పోకుండా, మొదటి విభాగంలోని అపరిచిత గద్యం మీదే ఎక్కువ సమయం తీసుకుంటాను. పాఠ్యాంశాల ప్రశ్నలకు గైడు ఉంది, స్లిప్ టెస్టులున్నాయి, రాత్రి స్టడీ అవర్ ఉంది. ముందెన్నడూ చూడని పేరాకు మాత్రం కంఠస్థం అక్కరకు రాదు. అక్కడ పనికొచ్చేది చదివే అలవాటు ఒక్కటే.

ఒక చిన్న పేరా చూద్దాం. "1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరిపై ఆనకట్ట పని మొదలైంది. అంతకుముందు డెల్టా రైతులు వరదలొస్తే పంట పోగొట్టుకునేవారు, వానలు ముఖం చాటేస్తే తిండికి అలమటించేవారు. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాలువల నీటితో ఆ నేల మాగాణి అయింది." దీని కింద "ఆనకట్ట కట్టవలసిన అవసరం ఎందుకు వచ్చింది?" అని అడిగితే, చాలామంది పిల్లలు ప్రశ్నలోని ఆనకట్ట అనే మాట కోసం పేరాలో వెతికి, అది కనిపించిన మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేస్తారు. జవాబున్న రెండో వాక్యంలో ఆ మాటే లేదు. అంటే ఆ విద్యార్థి పేరాను చదవలేదు, పదాన్ని వెతికాడు. మనం ఏళ్ల తరబడి "జవాబు ఇక్కడుంది, గీత గీసుకోండి" అని చెప్పడం వల్ల అబ్బిన అలవాటిది.

దీన్ని మాన్పించడానికి ముందుగా పేరాను బిగ్గరగా చదివించాలి, అదీ ప్రశ్నలు చూపించకుండా. ఆ తరువాత "అంతకుముందు" అంటే దేనికి ముందు, "ఆ నేల" అంటే ఏ నేల అని అడగాలి. వాక్యాన్ని వాక్యంతో ముడివేసే ఇలాంటి చిన్న మాటల దగ్గరే మన పిల్లలు జారిపోతున్నారు; కఠిన పదాల అర్థాలు బోర్డు మీద రాసినంత శ్రద్ధగా వీటిని మనం పట్టించుకోవడం లేదు. అవి అందాక, జవాబు చెప్పించడం కన్నా ప్రశ్నలు తయారు చేయించడం మేలు. పేరా ఇచ్చి ప్రశ్నలు రాయమనే అంశం పరీక్షలోనూ ఉంది. మొదట్లో అందరూ ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనే రాస్తారు. ఎందుకు, ఎలా అనే ప్రశ్న ఒక్కటైనా ఉండాలని పట్టుబట్టండి. ఆ ప్రశ్న వేయాలంటే రెండు వాక్యాల మధ్య ఉన్న కారణాన్ని పిల్లవాడు పట్టుకోక తప్పదు.

ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పార్వతీపురం, సీతంపేట వైపు సవర గిరిజన పిల్లలకు తెలుగు బడిలో ఎదురయ్యే భాష. సవర ముండా భాషా కుటుంబానిది, మన ద్రావిడ కుటుంబానిది కాదు. వారు తడబడుతుంటే తెలివితేటల లోపమని ముద్ర వేయడం అన్యాయం. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే మనం ఆ పనిని మరచిపోకూడదు. పేరాలో ఏముందో ముందు వారి భాషలో వారినే చెప్పుకోనివ్వండి, తరువాత తెలుగులో రాయించండి.

భాషాంశాల గురించి ఒక్క మాట. ఉత్పలమాలకు గణాలు భ ర న భ భ ర వ అని నిద్రలో లేపినా చెప్పే విద్యార్థి, "సత్యము"లో మొదటి అక్షరానికి లఘువు గుర్తు పెడతాడు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం అతనికి వచ్చు, కానీ పద్యాన్ని నోరారా చదివి ఆ ఊనికను చెవితో వినలేదు. కనుక ఛందస్సుకూ మందు చదివించడమే.

ఇక పరీక్ష ముందు నెల. రోజుకో మోడల్ పేపరు రాయించి పిల్లలను అలసటకు గురిచేయకండి. రోజూ పది నిమిషాలు, పాఠ్యపుస్తకంలో లేని ఒక పేరా చాలు. దినపత్రిక నుంచి, గ్రంథాలయంలోని బాలసాహిత్యం నుంచి, వ్యవసాయ పత్రిక నుంచి తీసుకోవచ్చు. పరీక్షలో ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాల్లో అపరిచిత గద్యాన్ని రెండుసార్లు చదవమని, మొదటిసారి ప్రశ్నల వైపు చూడవద్దని చెప్పండి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులం కలిసే వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఒక్కొక్కరం స్వయంగా ఎంచుకున్న రెండేసి పేరాలు, వాటికి మన పిల్లలు తయారు చేసిన ప్రశ్నలు పట్టుకొద్దాం. పిల్లల చేతిరాతలో ఉన్నవే తీసుకురండి, దిద్దకుండా తీసుకురండి. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో వాటిని చూసే మాట్లాడుకుందాం.