బంకలో రెజిన్ చేసే పని

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

అట్టపెట్టె మీది టేపునూ, పసిపిల్లల డైపర్‌నూ, పుస్తకం వీపునూ పట్టి ఉంచే బంకల్లో బలం పాలిమర్‌ది, అంటే రబ్బరు వంటి పొడవాటి గొలుసు అణువుల పదార్థానిది; తాకగానే అంటుకునే గుణం మాత్రం చాలావరకు అందులో కలిపిన రెజిన్‌ది. విడిగా చూస్తే ఈ రెజిన్ దేనికీ అంటుకోని పెళుసు పదార్థం. అణుభారం కూడా సాధారణంగా కొన్ని వందల నుంచి రెండు మూడు వేల లోపే. అయితే రబ్బరులో కరిగినప్పుడు అది పొడవాటి గొలుసుల చిక్కులను పలుచన చేసి బంకను మెత్తబరుస్తుంది, దాంతోపాటు మిశ్రమం గాజులా బిగిసే ఉష్ణోగ్రతను పెంచుతుంది. అందుకే మంచి టేపు నెమ్మదిగా నొక్కితే లొంగుతుంది, విసురుగా లాగితే మొండికేస్తుంది.

ఒకప్పుడు ఈ పని ఎక్కువగా పైన్ చెట్ల గుగ్గిలంతో జరిగేది. ముడిచమురు నుంచి వచ్చే నాఫ్తాను పగలగొట్టి ఇథిలీన్ తీసేటప్పుడు మిగిలే ద్రవాల నుంచి ఇప్పటి పెట్రోలియం రెజిన్లు వస్తాయి. పైపెరిలీన్ వంటి అయిదు కార్బన్ల అణువులను అల్యూమినియం క్లోరైడ్ వంటి ఉత్ప్రేరకంతో కలిపితే లేత పసుపు రంగు సి5 రెజిన్ తయారవుతుంది; ఇండీన్, వినైల్ టోల్యూన్ వంటి తొమ్మిది కార్బన్ల అణువుల నుంచి ముదురు రంగు సి9 రెజిన్ తయారవుతుంది. డైసైక్లోపెంటాడయీన్ రెజిన్‌కు వేడి ఒక్కటే చాలు. వీటిలో దేనికైనా హైడ్రోజన్ పట్టిస్తే రంగు, వాసన తగ్గి, వేడికి, ఎండకు ఓర్చుకునే శక్తి పెరుగుతుంది. డైపర్ల తయారీదారులు ఎక్కువ ధర పెట్టి దీన్నే కోరడానికి కారణం అదే.

కిలో ధర చూసి రెజిన్ ఎంచుకునేవారు దెబ్బతినేది ఎక్కువగా టేపుల బంకలో వాడే ఎస్‌ఐఎస్ (స్టైరీన్-ఐసోప్రీన్-స్టైరీన్) రబ్బరు దగ్గర. ఈ పాలిమర్ గొలుసుకు మధ్యలో ఐసోప్రీన్ రబ్బరు, రెండు చివరలా స్టైరీన్ ఉంటాయి. స్టైరీన్ చివరలు గుంపులుగా గడ్డకట్టి రబ్బరును కదలకుండా పట్టుకుంటాయి. సి5 రెజిన్ మధ్యభాగంలో కలిసి అంటును పెంచుతుంది. తక్కువ ఉష్ణోగ్రతకే మెత్తబడే సి9 రెజిన్ ఆ స్టైరీన్ గుంపుల్లోకి చొరబడి వాటినే సడలిస్తుంది కనుక, రెంటచింతల ఎండలో నిలిచిన లారీలో పెట్టెల టేపు జారిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. అదే స్టైరీన్ చివరల్లో కలిసే రెజిన్ బాగా ఎక్కువ ఉష్ణోగ్రత దాకా మెత్తబడనిదైతే వేడికి తట్టుకునే శక్తి పెరుగుతుంది కూడా.

పుస్తకాల బైండింగులో వాడే ఈవీఏ హాట్ మెల్ట్, అంటే ఇథిలీన్, వినైల్ ఎసిటేట్ కలిసిన పాలిమర్‌తో చేసి, కరిగించి పూసే బంక, సంగతి వేరు. వినైల్ ఎసిటేట్ వాటా ఎక్కువైన కొద్దీ వట్టి సి5 రెజిన్ దానితో సరిగా కలవదు. సి9 గానీ, సి5, సి9 కలిపి చేసినది గానీ, గుగ్గిలం నుంచి చేసే ఎస్టర్ గానీ మేలు. ఈ బంక సుమారు 160 నుంచి 180 డిగ్రీల దగ్గర గంటల తరబడి తొట్టిలో కరిగి ఉంటుంది కాబట్టి, హైడ్రోజన్ పట్టించని రెజిన్ నల్లబడి, పైన తెట్టు కట్టే ప్రమాదం ఎక్కువ.

కరపత్రంలో అమ్మకందారు ఇచ్చే మెత్తబడే ఉష్ణోగ్రతను బట్టి రెజిన్ పాలిమర్‌తో ఎంత బాగా కలుస్తుందో, అంటే వాటి పొత్తు, తెలియదు. రెజిన్, పాలిమర్, హాట్ మెల్ట్‌లో కలిపే మైనం కలిపి పరీక్షనాళికలో కరిగించి, థర్మామీటర్ ఉంచి చల్లారుస్తూ, ఏ డిగ్రీ దగ్గర మిశ్రమం మసకబారుతుందో రాసుకోండి. ఆ డిగ్రీ ఎంత తక్కువైతే ఆ మూడింటి పొత్తు అంత బాగా కుదిరినట్టు.