కుక్కపిల్లకు జపాన్ పేరు: ముందు పిలుపు, తర్వాత అర్థం

అందరికీ నమస్కారం.

షిబా, అకితా జాతి కుక్కలు మన నగరాల్లో అక్కడక్కడ కనిపిస్తున్నాయి. వాటితో పాటు జపాన్ పేర్లూ వచ్చాయి. లాబ్రడార్‌కీ, పొమరేనియన్‌కీ, వీధిలోంచి తెచ్చుకున్న నాటు పిల్లకీ కూడా ఇప్పుడు జపాన్ పేర్లు పెడుతున్నారు. ముచ్చటగానే ఉంటుంది. చిక్కల్లా పేరు ఎంచుకునే పద్ధతిలోనే వస్తోంది. నెట్‌లో అర్థాల జాబితా తెరిచి, "వెన్నెల", "ధైర్యం", "పిడుగు" అని చదువుకుంటూ పోయి, అర్థం నచ్చిన చోట ఆగిపోతారు. ఆ అర్థం కుక్కకు అక్కర్లేదు, పక్కింటివాళ్లకు తెలియదు. రోజూ పదేపదే మన నోట పలికేదీ, దాని చెవిన పడేదీ శబ్దమే. కాబట్టి ముందు శబ్దం చూడండి, తర్వాత ఆ శబ్దం మన ఇంట్లో, మన వీధిలో ఎలా వినిపిస్తుందో చూడండి. అర్థం చివర చూసుకుందాం.

అసలు జపాన్‌లో కుక్కలకు ఏం పేర్లు పెడతారు? పాత పద్ధతి మనదే. రంగును బట్టి పిలవడం. మనం నల్లోడు, ఎర్రోడు అన్నట్టు వాళ్లు తెల్లదాన్ని షిరొ, నల్లదాన్ని కురొ, ఎర్రదాన్ని అక, మచ్చలున్నదాన్ని బుచి అన్నారు. చారల కుక్క తొర, అంటే పులి. నువ్వులు చల్లినట్టు నలుపూ ఎరుపూ కలిసిన ఒళ్లయితే గొమ, అంటే నువ్వులే. షిబా జాతిలో ఆ రంగును ఇప్పటికీ గొమ అనే అంటారు. మెయిజీ కాలం (1868-1912) నుంచి పొచి అన్నది ఊరూరా వినిపించే కుక్క పేరైంది. ఇప్పటి తరం తిండి పేర్ల మీద పడింది: ముగి అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యం, మొమొ పీచ్ పండు, అజుకి ఎర్ర చిక్కుడు గింజ, కినకొ వేయించిన సోయా పిండి. లేత గోధుమ రంగు పిల్లకు కినకొ భలే అతుకుతుంది.

మగపిల్లకు చివర మరు, సుకె, త, తరో తగిలిస్తారు. ఆడపిల్లకు కొ, మి, న, క. కినకొలోని కొ ఆడపేర్ల కొ కాదు, పిండి అని. అలాంటివి కలగాపులగం అయినా కొంప మునగదు. ఒక వరస ఉంది: తరో అంటే పెద్దకొడుకు, జిరో రెండోవాడు, సబురో మూడోవాడు. 1958 ఫిబ్రవరిలో అంటార్కిటికాలోని షోవా స్థావరాన్ని వదిలి వస్తూ జపాన్ బృందం 15 స్లెడ్జి కుక్కలను గొలుసులతోనే విడిచిపెట్టాల్సి వచ్చింది. 1959 జనవరిలో తిరిగి వెళ్లేసరికి బతికి ఉన్న రెండింటి పేర్లు తరో, జిరో. ఆ దెబ్బతో ఆ జంట పేర్లు దేశమంతా మోగిపోయాయి. ఇంట్లో రెండు పిల్లలుంటే ఈ జంట బాగుంటుంది కానీ, జిరోను మనవాళ్లు జీరో చేసేస్తారు. చూసుకోండి.

ఇక అందరికీ తెలిసిన కుక్క హచికో. అది 1923లో అకితా ప్రాంతంలో పుట్టింది. తోక్యో విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఉయెనో హిదెసబురో పెంచుకున్నారు. ఆయన 1925 మే నెలలో పోయాక, 1935 మార్చిలో తాను చనిపోయేదాకా షిబుయా స్టేషన్ దగ్గర ఆయన కోసం ఎదురుచూసింది. దాన్ని ఇంట్లో పిలిచిన పేరు హచి, అంటే ఎనిమిది. చివరి "కో" జనం చనువుగా, కాస్త గౌరవంగా చేర్చినది. మీరు కుక్కకు హచికో అని పెడితే జపాన్ వాళ్లకు అది ఆ ఒక్క కుక్కే. హచి అని పెడితే మామూలు పేరు. హచి చాలు.

సమురాయ్, నింజా, గెయిషా, సుమో లాంటివి మాత్రం విదేశీయుల ముచ్చట. జపాన్ ఇళ్లలో కుక్కను అలా పిలవడం అరుదు. పెట్టుకుంటే నేరమేం కాదు, కాకపోతే అది మనం కుక్కకు "సిపాయి" అని పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు శబ్దం సంగతి. ఇక్కడ తెలుగువాళ్లకు కలిసొచ్చే అంశం ఒకటుంది. జపాన్ వాళ్లు పదం పొడవును మాత్రలతో కొలుస్తారు. గణాలు విడగొట్టడం స్కూల్లో నేర్చుకున్నాం కదా, అదే లెక్క. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. హచి రెండు లఘువులు, రెండు మాత్రలు. హచికో నాలుగు. కెంత అన్నప్పుడు సున్న ఉన్న అక్షరం గురువు, కాబట్టి మూడు. సప్పొరొ అన్న ఊరి పేరులో ద్విత్వం ముందున్న స గురువు, మొత్తం నాలుగు. జపాన్ లెక్కలోనూ సరిగ్గా అంతే వస్తుంది. పైగా వాళ్ల అచ్చులు ఐదూ మనకున్నట్టే పొట్టివీ పొడుగువీ ఉంటాయి. హ్రస్వ ఎ, హ్రస్వ ఒ మన లిపిలో ఉన్నాయి కనుక పేరును ఉన్నదున్నట్టు రాసుకోగలం. పొడవు మారితే పేరే మారిపోతుంది: యుకి అంటే మంచు, యూకి అంటే ధైర్యం.

కుక్కకు రెండు మాత్రల పేరు ఉత్తమం, మూడు పరవాలేదు. నాలుగు దాటితే మీరే రెండు రోజుల్లో తెంపేస్తారు. జపాన్ వాళ్లూ అదే చేస్తారు. పొడుగు పేరును ముద్దుగా రెండు మాత్రలకు కుదించి చన్ చేరుస్తారు: సకుర సకు-చన్ అవుతుంది, హనకొ హన-చన్ అవుతుంది. కొతరో అని పెట్టాలనుంటే టీకాల పుస్తకంలో కొతరో రాయించి, మొదటి రోజు నుంచే కొత అని పిలవండి. ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా తెంపితే కుక్కకు ఏ పేరూ అంటదు.

క, త, చ లాంటి హల్లుతో మొదలైన పేరు గోల మధ్యలోనూ తెగినట్టు వినిపిస్తుంది. హ, య లతో మొదలైనవి ఫ్యాన్ మోతలో, ట్రాఫిక్‌లో మెత్తబడిపోతాయి. చిబి, కురొ, తొర దూరం నుంచి పిలవడానికి బాగుంటాయి. హయతె వినసొంపుగా ఉంటుంది కానీ మైదానంలో అరిచి చూడండి, గాలికి పోతుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదవడం వల్ల వచ్చే తప్పులు వేరు. జపాన్ భాషలో ట, డ లేవు. ఉన్నవి త, ద. మనం టోక్యో అంటాం, అక్కడ అది తోక్యో. తరోను టారో అనీ, దైసుకెను డైసుకే అనీ చదివితే అది జపాన్ పేరు కాదు. కోత అన్న మగ పేరును ఇంగ్లీషులో రాస్తే మనవాళ్లు కోటా అని చదివి, ఐఐటీ కోచింగ్‌కి పంపిస్తారు. ఉమె, కయెదె లాంటి పేర్లను యూమ్, కేడ్ అని చదివేవాళ్లూ ఉన్నారు. చివరి ఎ ఎప్పుడూ పలుకుతుంది, మన పల్లె, మల్లెలో పలికినట్టే. సుకెలోని ఉ మాత్రం దాదాపు వినపడదు, దైస్కె అన్నట్టుంటుంది. ల శబ్దం లేదు, కాబట్టి లూనా, లియో లాంటివి జపాన్ పేర్లని ఎవరైనా చెబితే నమ్మకండి.

అసలు జల్లెడ ఇప్పుడు పట్టాలి: ఆ పేరు తెలుగు చెవికి ఎలా వినిపిస్తుంది? జపాన్ జాబితాలు చేసేవాళ్లెవరూ ఇది చెప్పరు. మనం పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం. రాముడు "రామా" అయినట్టు అన్నీ సాగుతాయి. అక ఎర్ర కుక్కకు చక్కటి పేరు. మీరు "అకా" అంటే ఇంట్లో ఆడపిల్లలందరూ తిరిగి చూస్తారు. మమె అంటే గింజ, చిన్న పిల్లకు ముద్దుగా ఉంటుంది. పిలిస్తే మేనమామ పలుకుతాడు. నన అక్కడ ఆడకుక్కలకు పెట్టే పేరు, ఇక్కడ నాన్నకు దగ్గర. అమె వాన, మనకు ఆమె. కకి ఒక పండు, మన నోట్లో కాకి. సొర అంటే ఆకాశం, జపాన్‌లో కుక్కలకు బాగా పెట్టే పేరు. మనకు సొరకాయ, లేదంటే సొరచేప. ఏత్వం సాగే రే అన్న పేరు చాలా అందమైనదంటారు, కానీ "రే" అని పిలిస్తే వీధిలో కుర్రాళ్లంతా కస్సుమంటారు. రై అంటే పిడుగు, మనవాళ్లు రాయి అంటారు. వీధికుక్కలు రాయికి ఎలా బెదురుతాయో మీకు చెప్పక్కర్లేదు. ఉమె అనేది ఉమలో కలిసిపోతుంది. పక్కింట్లో ఉమగారుంటే ఆ పేరు ఎత్తకండి.

వీటిలో చాలావరకు నవ్వుకుని వదిలేయొచ్చు. రెండు మాత్రం నవ్వుకునేవి కావు. మొదటిది మొచి. జపాన్‌లో అది జిగురు బియ్యం దంచి చేసే ముద్ద. తెల్లగా బొద్దుగా ఉన్న పిల్లకు సరదాగా పెడతారు. మన దేశంలో మోచీ అంటే తోలు పని చేసేవాళ్ల కులం పేరు. ఆ పేరుతో కుక్కను వీధిలో పిలవడం అంటే ఒక కులం పేరుతో కుక్కను పిలవడమే. మాకు ఆ ఉద్దేశం లేదంటే సరిపోదు. దాని బదులు దంగొ పెట్టుకోండి, అదీ పిండి ఉండే, అదీ గుండ్రనిదే. రెండోది పొచి. తెలంగాణలో పోచమ్మ గ్రామదేవత. పోచయ్య, పోచమ్మ అన్న మనుషులున్న వీధిలో కుక్కను పోచీ అని కేకేస్తే గొడవ రాకపోతే ఆశ్చర్యం.

బుచి కథ దీనికి తిరగబడింది. మచ్చల కుక్కకు జపాన్‌లో వాడే ఈ పేరు మన బుచ్చితో కలిసి, ఇక్కడే పుట్టిన పేరులా వినిపిస్తుంది. ఇంట్లో బుచ్చమ్మ గారో బుచ్చిబాబో లేకపోతే నిశ్చింతగా పెట్టేసుకోవచ్చు.

విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఒక మాట. ఫుకు అంటే అదృష్టం, జపాన్‌లో పెంపుడు జంతువులకు పెట్టే మంచి పేరే. ఇంగ్లీషు మాట్లాడే దేశంలో పార్కులో అది అరవగలరేమో ఆలోచించుకోండి.

పేరు మాటలతో, అంటే ఆజ్ఞలతో కలవకూడదు. ఇంట్లో సిట్, కమ్, నో వాడుతుంటే కుమ అన్న పేరు కమ్‌కీ, నొరి, నొబు లాంటివి నోకీ దగ్గరవుతాయి. పాపం, కుక్క తన పేరు విన్నప్పుడల్లా "వద్దు" అన్నారేమో అని ఆగుతుంది. తెలుగులో ఆజ్ఞలిచ్చే ఇంట్లో సకుర, తొర సాగదీస్తే చివర "రా" వస్తుంది. అప్పుడు పేరుతో పిలిచి కూర్చోబెట్టడం కష్టం, ఎందుకంటే పేరులోనే రమ్మని ఉంది. ఇలాంటి ఇంట్లో పిలవడానికి "రా" మానేసి "ఇటు" లాంటి మాట వాడితే సరిపోతుంది.

ఇన్ని జల్లెడలు పట్టాక మూడు పేర్లు మిగిలితే చాలు. ఒక్కోటీ ఒక రోజు వాడి చూడండి, కానీ కుక్క మీద కాదు, మీలో మీరే. వంటింట్లోంచి, మేడ మీంచి, గేటు బయట నుంచి పిలవండి. ఇంట్లో పెద్దావిడ నోరు తిరగని పేరును పక్కన పెట్టండి. రోజంతా దానితో ఉండేది తరచుగా ఆవిడే.

పేరు ఖాయమయ్యాక నేర్పడం తేలిక. పిల్లకు ఎనిమిది వారాలు నిండినప్పటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసుకోండి. అది వేరే వైపు చూస్తున్నప్పుడు పేరు ఒక్కసారే, పొట్టిగా, హుషారుగా పలకండి. తల తిప్పిన వెంటనే ముక్క నోటికి అందించండి. విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మూడు నాలుగు రోజులు గదిలో, తర్వాత వరండాలో, తర్వాతే వీధిలో. తిరగకపోతే పేరును మళ్లీ మళ్లీ అరవకండి. చప్పట్లు కొట్టి దృష్టి మళ్లించండి, కాసేపాగి దగ్గర నుంచి మళ్లీ పిలవండి. పదిసార్లు పిలిచినా ఏమీ జరగని పేరు కుక్క లెక్కలో ఫ్యాన్ మోతలాంటిదే. ఇంకో ముఖ్య విషయం, తిట్టేటప్పుడు పేరు వాడొద్దు. చాప మీద పోసిందని "కురో!" అని గద్దిస్తే, రేపు గేటు తీసి ఉన్నప్పుడు కురో అంటే అది అటే పరిగెడుతుంది.

పెద్ద కుక్కను దత్తత తెచ్చుకుని పేరు మార్చాలంటే కొత్త పేరు ముందు, వెంటనే పాత పేరు, ఆ వెంటనే ముక్క. వారం తర్వాత పాత పేరును తగ్గిస్తూ పొండి. వరస తిరగేసి పాత పేరు ముందు పలికితే అది పాతదానికే తల తిప్పి, కొత్తదాన్ని వినిపించుకోదు.

ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి నిర్ణయించుకుని, టీకాల పుస్తకంలో, మైక్రోచిప్ నమోదులో, మున్సిపల్ లైసెన్సులో అదే రాయించండి. ఒక చోట కురొ, మరో చోట కూరూ అని ఉంటే కాగితాలు చూపించాల్సిన రోజున అవస్థ. మెడ పట్టీ బిళ్ల మీద జపాన్ అక్షరాలు చెక్కించాలన్న మోజు ఉంటే వెనక వైపు చెక్కించండి. ముందు వైపు ఫోన్ నంబరు ఉండాలి, దూరం నుంచే కనిపించేంత పెద్దగా.